దీపస్తంభముల గాజు

మా నాగారమునుండి సముద్రమును జూడవలెనన్న రెండువందల కిలోమీటర్లకు మించి ప్రయాణము చేయవలెను. అట్టి యూరినుండి దీపస్తంభములను గూర్చి వ్రాయుట వింతగా దోచవచ్చును. కాని సంజవేళ లాంతరుచిమ్నీ తుడిచి, వత్తి సవరించి, దీపము పెట్టిన స్త్రీల మనుమరాండ్రము మనము. దీపస్తంభపు కావలివాడు చేసినదియు నా పనియే.

చమురుదీపపు వెలుగు నలుదెసలకు జెదరిపోవును. ఆకసమునకును నేలకును బోయిన వెలుగు ఓడవానికి బనికిరాదు. ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడగు ఫ్రెనెల్ 1822లో దీనికొక యుపాయము చూపెను. దళసరి కటకమునకు బదులు గాజువలయములను మెట్లుమెట్లుగా ఇత్తడిచట్రమున గూర్చెను. అవి చెదరు వెలుగును వంచి సముద్రముమీదికి బంపును. ఇట్టి కటకములలో పెద్దతరగతివి మనుష్యునికన్న నెత్తయినవి.

మన తీరమున విజయనగరము జిల్లా చింతపల్లి గుట్టమీద 1847లో దీపము నెలకొల్పిరి. భీమునిపట్టణమునకు వచ్చు నోడలు శాంతపల్లి రాళ్లకు దగులకుండుటకై యది యేర్పడినది. చెన్నపట్టణమున దీపము 1796లో కోటలోని మేడపైన, 1844లో రాతిస్తంభముపైన, 1894లో హైకోర్టు గోపురముపైన, 1977లో మెరీనా తీరమున వెలిగెను. దీపము నాలుగు చోట్లకు మారినను, 1844 నాటి స్తంభము హైకోర్టు ఆవరణమున నేటికిని నిలిచియున్నది.

ఇప్పుడు ఓడలకు ఉపగ్రహములు త్రోవ చూపుచున్నవి. దీపమునకు చిన్న ఎల్.ఇ.డి. చాలును. అందుచే ప్రాతకటకము అడ్డుసామానుగా గనబడును. ఇత్తడిచట్రము తూకమునకు బోవును. బిందెలు, గంగాళములు అమ్మి స్టీలుపాత్రలు కొన్న మనకీ యపాయము తెలియనిదికాదు. బిందె మరల చేయించుకొనవచ్చును. ఆ గాజు పగిలినచో నచ్చముగా నట్టిదానిని చేయించుట మిక్కిలి కష్టము, వ్యయము.

గాజును పట్టియుంచు లప్పము ఏండ్లు గడచినకొలది యెండి రాలును. పగటియెండ కటకముగుండ జొచ్చి లోపలివస్తువులను గాల్చగలదు. కావున పగలు తెరలు దింపవలెను. గుండీలు గాజును గీయకుండ పూర్వపు కావలివారు పైన నారబట్ట కట్టుకొనెడివారు. ఉంగరములు, గాజులు ధరించు మనమును ఈ జాగ్రత్త పాటింపవలెను.

ఎంపికచేసిన దీపస్తంభములను వారసత్వసంపదగా గుర్తించి, విద్యకును విహారమునకును వినియోగించుటకు 2021 నాటి చట్టము వీలు కల్పించినది. ఐనను స్తంభమునకు సున్నము వేసి కటకమును బోగొట్టినచో, దీపము లేని దీపపుసెమ్మె మిగిలినట్లే.

కావున సెలవులలో పిల్లలతో తీరమునకు బోయినపుడు, దీపస్తంభము చూడనిచ్చుచోట ప్రాతకటకమెక్కడనని యడుగుడు. ఉన్నచో తాకనీయక చూపుడు. లేనిచో నెచటికి బోయినదో తెలిసికొని రండు. అడుగువారున్నారని తెలిసిన వస్తువును తక్కెడలో వేయుటకు ఎవరికిని చేయి రాదు.