బస్తా మీద ఎవరి నంబరు?

మొన్న సంక్రాంతికి నాయుడుపేట వెళ్తే మా మామ ఒక పని అప్పజెప్పాడు. "మీ ఆఫీసుల్లో ఫోన్లకీ, ఒకరితో ఒకరు మాట్లాడుకునేదానికీ ఏందో సిస్టం ఉంటాది కదబ్బయా, అట్టాంటిది మన మిల్లుకొకటి చూడు" అని. మామకి అక్కడ చిన్న రైసుమిల్లు ఉంది. (2022లో మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, ఎవరన్నా అడిగితే నోట్లోంచి ఇంకా నెల్లూరనే వస్తుంది.) సరుకులో సగం హైవే ఎక్కి చెన్నై పోతుంది.

ఆయనకి ఈ ఆలోచన ఊరికే రాలేదు. పదిహేనేళ్ళు గుమాస్తాగా చేసినాయన కిందటి దసరాకి మానేసి సొంతంగా బియ్యం వ్యాపారం పెట్టుకున్నాడు. అందులో తప్పేం లేదు. కాకపోతే మిల్లు బస్తాల మీద అచ్చేసిన సెల్ నంబరు ఆయనది. అప్పట్లో సిమ్ కోసం ఫోటోలూ జెరాక్సులూ ఇవ్వడానికి బద్ధకించి మామే "నీ పేరు మీద తీసేసుకో" అన్నాడట. దాంతో చెన్నై బేరగాళ్ళ ఫోన్లు, వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లు, ఎవరు ఎంత బాకీ అన్న మెసేజీలు, అన్నీ ఆ నంబరు వెంటే పోయాయి. నంబర్ పోర్టబిలిటీ దేశమంతటా 2011 జనవరి నుంచి ఉంది. అది కంపెనీ మార్చుకోవడానికేగానీ మనిషిని మార్చడానికి కాదు. సిమ్ ఎవరి పేరు మీదుంటే నంబరు వాళ్ళదే.

ఇక నేనేం చేశానో మీరు ఊహించే ఉంటారు. ఎక్సెల్ షీటు తెరిచాను :-)

పద్నాలుగు కాలమ్‌లు. ఐవీఆర్, కాల్ రికార్డింగు, మొబైల్ యాప్, సీఆర్ఎంతో లంకె, మనిషికి నెలకెంత.. ఇలా. ఒక్కొక్కదానికీ మార్కులు వేసి, ఫస్టు వచ్చినవాళ్ళని డెమోకి పిలిచాను. అవతలి కుర్రాడు గంటసేపు డాష్‌బోర్డులు చూపించాడు. మామ అంతా ఓపిగ్గా చూసి ఒక్కటే అడిగాడు: "ఆ నంబరు ఎవరి పేరు మీద ఉంటాది?" మా దగ్గరున్న నంబర్లలోంచే ఒకటి కేటాయిస్తాం సార్, ప్లాను ఉన్నంతకాలం మీదే అన్నాడు. "మానేస్తే?" అన్నాడు మామ. కుర్రాడు కాసేపు నీళ్ళు నమిలాడు. "మళ్ళీ గుమాస్తా కథే కదా" అని లేచి కాటా దగ్గరికి వెళ్ళిపోయాడు.

నా పద్నాలుగు కాలమ్‌లలో ఆ ప్రశ్న లేదు. సిగ్గుపడాల్సిన విషయమే, ఎందుకంటే మన వృత్తిలో ఇది పాత పాఠం. సర్వర్ ఐపీ అడ్రసుని ఎవరైనా విజిటింగ్ కార్డు మీద అచ్చేస్తారా? డొమైన్ పేరు మన పేరు మీద కొనుక్కుని, దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకుంటాం. ఫోను దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం.

మర్చిపోయేది మిల్లువాళ్ళే కాదు. స్లాక్ 2022 సెప్టెంబరులో ఉచిత ప్లానులో 90 రోజుల కంటే పాత మెసేజీలు కనబడకుండా చేసింది. "ఈ కోడు ఇలా ఎందుకు రాశాం" అన్నదానికి జవాబులన్నీ చాట్‌లోనే వదిలేసిన టీములు అప్పుడు మేల్కొన్నాయి. స్కైప్ 2025 మే 5న మూతపడింది. 2021 అక్టోబరు 4న వాట్సాప్ ఆరుగంటల పాటు పడిపోయింది. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళని కాదు. వాళ్ళ ఇల్లు, వాళ్ళిష్టం. మనం అద్దెకున్నామన్న సంగతి మనకి గుర్తుండాలి, అంతే.

ఇంటర్నెట్ మీద నడిచే ఫోను పెట్టుకోమని కూడా నేను మొదట చెప్పాను. మామ 2023 డిసెంబరు గుర్తు చేశాడు. మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిందిగానీ, దానికి ముందు మా వైపు కుమ్మేసింది. మిల్లుకి రెండు రోజులు కరెంటు లేదు, ఫైబర్ లేదు. లారీ డ్రైవరుతో ఆ రెండు రోజులూ మాట్లాడింది మామూలు సెల్ కాల్‌తోనే, అదీ బట్టన్ ఫోనులో. కాబట్టి వచ్చిన ఫోను చివరికి మామూలు కాల్‌గానే మనుషుల సెల్‌కి చేరాలి. హైదరాబాదు ఓజోన్‌టెల్, బెంగుళూరు ఎక్సోటెల్ లాంటివాళ్ళు అలా చేస్తారు. మన దగ్గర ఈ పద్ధతి పెరగడానికి చట్టం కూడా కొంత కారణమని నా అనుమానం. కాల్‌ని ఇంటర్నెట్ మీద దూరం దాటించి అవతల మామూలు ఫోనుకి కలిపేసి ఎస్టీడీ డబ్బులు ఎగ్గొట్టడాన్ని టోల్ బైపాస్ అనేవారు, దాని మీద గట్టి కాపలా ఉండేది. కాల్ సెంటర్లకైతే రిజిస్ట్రేషను, బ్యాంకు గ్యారంటీల గోల 2020 నవంబరులో గానీ వదల్లేదు.

చివరికి చేసింది ఇదీ. మిల్లు పేరు మీద, జీఎస్టీ కాగితాలు పెట్టి ఒక సెల్ నంబరు తీసుకున్నాం. బస్తా మీద అదే. ఆ నంబరుకొచ్చిన కాల్‌ని సర్వీసువాళ్ళ వర్చువల్ నంబరుకి ఫార్వర్డ్ పెట్టాం, అక్కడినుంచి కొత్త గుమాస్తాకి, ఎత్తకపోతే మామకి. రేపు ఆ సర్వీసు నచ్చకపోతే ఫార్వర్డ్ మార్చుకుంటే సరిపోతుంది. వాట్సాప్ బిజినెస్ కూడా ఆ నంబరు మీదే, మిల్లు టేబులు మీదుండే ఫోనులో.

టీము చాట్ అంటూ నేను పెట్టిన జోహో క్లిక్ మాత్రం వారం కూడా బతకలేదు. హమాలీ మేస్త్రి టైపు చెయ్యడు, వాయిస్ మెసేజి పెడతాడు, అదీ వాట్సాప్‌లో. ఆయన్ని మార్చాలన్న నా పట్టుదల తప్పని ఒప్పుకుంటున్నా. కాల్ రికార్డింగు గురించి చెప్పగానే ఆయన "మేం మాట్లాడేవి గూడా ఇంటావా సామీ?" అని మామ మొహంలోకి చూశాడు. మామ ఆ పూటే అది తీయించేశాడు. నేను రికార్డింగుకి పదికి తొమ్మిది మార్కులు వేసి ఉన్నాను.

పాత నంబరుతో అచ్చేసిన ఖాళీ బస్తాలు ఇంకా నాలుగువేలున్నాయి, అన్నీ 26 కిలోలవి. (25 దాకా అయితే జీఎస్టీ పడుతుందని 2022 నుంచి మిల్లులు కనిపెట్టిన తెలివి.) వాటి మీద స్టిక్కర్లు అంటించడానికి ఇద్దరు ఆడమనుషుల్ని పెట్టాడు మామ.

బెంగుళూరు తిరిగొచ్చాక ఒక సోమవారం మా ఆఫీసులో చూశాను. రాత్రిపూట సర్వర్ పడిపోతే క్లయింట్లు ఫోను చెయ్యాల్సిన నంబరు ఒక సీనియర్ సొంత సెల్. ఆయన నోటీసు పీరియడ్‌లో ఉన్నాడు, ఆఖరి రోజు ఈ నెల 28. మేనేజరుకి మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.