బావురు పిల్లి ఇల్లు అభయారణ్యం గీత దగ్గర ఆగదు

కాకినాడ పక్కనున్న కోరింగ అభయారణ్యంలో 2018 గణనలో 115 బావురు పిల్లులు తేలాయి. 235 చదరపు కిలోమీటర్ల మడ అడవికి అది సంతోషించదగ్గ సంఖ్యే. అయితే ఆ లెక్క అభయారణ్యం గీత లోపలిది. ఈ జంతువు ఎక్కడ బతుకుతుందో తెలియాలంటే అటవీ పటం కన్నా ముందు దాని తిండిని చూడాలి. దాని మలంలో ప్రధానంగా కనిపించేవి చేపల పొలుసులు, ముళ్లు. వాటితోపాటు పీతల పెంకులు, ఎలుకల వెంట్రుకలు, పక్షుల ఈకలు. ఒళ్లు కూడా ఆ తిండికి తగ్గట్టే అమరింది: వేళ్ల మధ్య కొంతమేర పొర, పూర్తిగా లోపలికి ముడుచుకోని గోళ్లు, నీరు చర్మానికి తగలనీయని దట్టమైన లోబొచ్చు. ఈదగలదు, మునగగలదు, అయినా వేట ఎక్కువగా గట్టు అంచున, లోతులేని నీటి దగ్గర కాచుకుని కూర్చునే సాగుతుంది. దానికి చేపలున్న నీరు కావాలి, పక్కనే ఒదిగి ఉండడానికి గుబురు కావాలి. ఆ గుబురు మడ చెట్టుదైనా, పంట కాలువ వెంట పెరిగిన జమ్ముదైనా దానికి ఒకటే. ఒడిశాలోని చిలికా ఇందుకు గట్టి రుజువు. అక్కడ రక్షిత ప్రాంతాల వెలుపల జరిపిన గణన, 2022లో వెల్లడైన ఫలితాల ప్రకారం, 176 పిల్లులను అంచనా వేసింది.

మన రక్షణ మాత్రం చెట్టు చుట్టూనే తిరుగుతోంది. మడ చెట్టుకు తీర నియంత్రణ నిబంధనల అండ ఉంది. జమ్ము, తుంగ పెరిగిన చిత్తడి నేలను మాత్రం పనికిరాని నేలగానే చూస్తున్నాం. మడ అడవిలోనైనా చెట్టు నిలిచినంత మాత్రాన చాలదు. చెరువుల కోసం పాయకు అడ్డంగా గట్టు వేస్తే పోటు నీరు లోపలికి రాదు, నేలలో ఉప్పు పేరుకుంటుంది, మడవ, పండుగప్ప పిల్లలు పెరిగే తావు పోతుంది. గొడ్డలి పెట్టకుండానే పిల్లి నోటి దగ్గర కూడు లాగేసినట్టవుతుంది.

అప్పు చేసి చెరువు వేసిన రైతు, తన చేపలు తినే జంతువును ఎందుకు కాపాడాలని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. పశ్చిమ బెంగాల్‌లో, బంగ్లాదేశ్‌లో ఈ కోపానికే ఎన్నో పిల్లులు బలయ్యాయి. గట్లు తొలిచే ఎలుకలను కూడా ఇదే పిల్లి తింటుందని చెప్పవచ్చు గానీ, ఆ మాట నష్టపోయినవాడి కడుపు నింపదు. నష్టాన్ని పరిశీలించి, ఆ పంటకాలంలోనే పరిహారం చేతికందించాలి. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువును కాపాడే ఖర్చు ఒక్క రైతు మీదే వేయడం తగదు.

2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ‘అంతరించే ప్రమాదం’ వర్గంలో ఉన్న ఈ పిల్లి 2016లో ఒక మెట్టు తక్కువ ముప్పు వర్గానికి మారింది కదా, ఇంత ఆందోళన దేనికని మరో వాదన. ఆ మార్పుకు కారణం పిల్లులు పెరగడం కాదు, వాటి గురించిన సమాచారం మెరుగుపడడం. చిత్తడి నేలలు తరిగిపోవడం మాత్రం ఆగలేదు. కనుక గోదావరి, కృష్ణా డెల్టాల్లో వచ్చే గణన కెమెరాలు అభయారణ్యాల బయట కూడా, పంట కాలువల గట్ల మీద, చెరువుల నడుమ మిగిలిన జమ్ము మడుగుల్లో పెట్టాలి. పిల్లి కనిపించిన చోట గట్టు వెంట కాస్త గుబురునైనా నరకకుండా, తగలబెట్టకుండా వదిలేలా రైతుతో ఒప్పందం చేసుకుని, అలా వదిలినందుకు ఏటా డబ్బు చెల్లించాలి.