దేవుడికి తెలుగు, నవ్వుకి ఇంగ్లీషు

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక జబ్బుంది. బొమ్మల సినిమా ఏది వచ్చినా సరే, "ఇంగ్లీషులోనే చూడాలి బాస్, తెలుగులో ఏం బాగుంటుంది" అంటారు. ఏది తెలుగులో చూసి బాలేదని తేల్చారు మహానుభావా అనడిగితే, ఒక్కటీ చూసుండరు. టెస్ట్ చెయ్యకుండానే బగ్ ఫైల్ చేసేశారన్నమాట.

నేను సినిమా పండితుణ్ణేమీ కాదు. నెలకోసారో రెండు నెలలకోసారో పిల్లల్ని వెంటేసుకుని పోయే బాపతు. సింహం జూలులో ఎన్ని వెంట్రుకలు రెండర్ చేశారనేది నాకు పట్టదు. నవ్వొచ్చిందా లేదా, అంతే లెక్క. ఆ లెక్కనే చెప్తున్నా, పిల్లల బొమ్మల సినిమాల్లో తెలుగు నవ్వుని చంపుతున్నది డబ్బింగ్ వాళ్ళ కంటే ఎక్కువగా మనమే.

2025 జూలైలో 'మహావతార్ నరసింహ' వచ్చింది కదా. సూర్యాపేటలో మావాళ్ళు, మిర్యాలగూడలో అక్కావాళ్ళు, కోదాడలో బాబాయివాళ్ళు, ఎవరికి వాళ్ళు ఇంటిల్లిపాదీ పోయి చూసొచ్చారు. "బొమ్మల సినిమాకి పెద్దోళ్ళం మేమెందుకు" అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. మా ఆఫీసులో ఇంగ్లీషు పక్షపాతులు కూడా తెలుగు షోకే పోయారు. సబ్‌టైటిల్స్ గొడవ లేదు, ఒరిజినల్ ఫ్లేవర్ గొడవ లేదు. మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. కానీ అదే మనుషులు, అదే పిల్లలు, ఒక ఎలుకో పాండానో జోకులేసే సినిమా అయ్యేసరికి ఇంగ్లీషు షో బుక్ చేస్తారు. దేవుడు తెలుగులో మాట్లాడొచ్చట, పాండా మాట్లాడకూడదట. ఇదెక్కడి న్యాయమండీ?

"డబ్బింగ్ తెలుగు వినలేం" అంటారు. నిజమే, చాలావాటిల్లో వినలేం. "ఓ ప్రియమైన మిత్రమా, నువ్వు నన్ను ఆశ్చర్యానికి గురి చేశావు" టైపు తెలుగు సూర్యాపేట బస్టాండులో ఎవడైనా మాట్లాడితే పక్కనోడు జరిగి కూర్చుంటాడు. మా అన్న కొడుకు టీవీలో ఆ బొమ్మలు చూసీ చూసీ "నన్ను రక్షించండి" అని అరుస్తుంటాడు, పక్కింటి కుక్క వెంటపడితే. వాళ్ళ నాయనమ్మకి వాడు ఆడుకుంటున్నాడో ఏడుస్తున్నాడో అర్థం కాదు.

ఎందుకిలా ఏడుస్తుందో మనకి తెలియని విషయమా? స్ట్రింగ్ ఫైల్ ఇచ్చి లైన్‌కి లైన్ ట్రాన్స్‌లేట్ చేయించిన అప్లికేషన్ ఎలా ఉంటుందో ఇదీ అంతే. దానికి తోడు తెలుగు అజంత భాష, మన మాటలు దాదాపుగా అచ్చుతోనే ఆగుతాయి. ఇంగ్లీషులో రెండు దెబ్బల్లో తెగిపోయే వాక్యం మన దగ్గర సాగుతుంది. బొమ్మ నోరు మూశాక కూడా మాట నడుస్తూనే ఉంటుంది. 'స్టాప్' అన్నప్పుడు పెదాలు కలుస్తాయి. అక్కడ 'ఆగు' అని పెడితే కలవవు, 'ఆపు' అని పెడితే కలుస్తాయి. చూడ్డానికి చిన్న విషయం. కానీ ప్రతి లైన్‌కీ ఇలా కూర్చుని ఆలోచించే రైటర్ కావాలి, అతనికి డబ్బులివ్వాలి, టైమివ్వాలి. చూసేవాళ్ళు లేని వెర్షన్‌కి ఎవడిస్తాడు? చూసేవాళ్ళు ఎందుకు లేరంటే, టికెట్ కొనగలిగిన మనం ఇంగ్లీషు షోలో కూర్చున్నాం కాబట్టి.

అసలు ఇంగ్లీషు వాళ్ళు మాత్రం ఎలా నవ్విస్తున్నారు? 1992 నాటి 'అలాద్దీన్' కార్టూన్‌లో భూతానికి గొంతిచ్చిన రాబిన్ విలియమ్స్ మైకు ముందు నోటికొచ్చిందల్లా కల్పించి వాగితే, ఆ వాగుడుకి తగ్గట్టు బొమ్మలు గీసుకున్నారు. అక్కడ గొంతుకి బొమ్మ. మనకొచ్చేసరికి బొమ్మకి గొంతు అతికించాలి. ఇది పని కష్టమని చెప్తుందే గానీ, కాదని చెప్పదు. 2019లో 'లయన్ కింగ్' వచ్చినప్పుడు పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి అలీ చెప్పారు. మేముండే ఏరియాలో మల్టీప్లెక్స్ వాడు ఇంగ్లీషుకి సాయంత్రాలు, తెలుగుకి పొద్దున్నే ఒక్క షో ఇచ్చాడు (పాలప్యాకెట్టుతో పాటు వెళ్ళి చూడాలన్నమాట). పోయాం. పుంబా నోరు తెరవగానే మా అమ్మ "అరె, మన బ్రహ్మానందం గదా" అని నవ్వడం, ఆయన పేరు కూడా తెలియని మా చిన్నది అదే లైన్‌కి నవ్వడం, రెండూ ఒక్కసారే. మా టీమ్ లీడ్ వాళ్ళమ్మని తీసుకుని ఇంగ్లీషు షోకి పోయాడు. ఆవిడ "ఏమన్నడు రా" అని అడగడం, ఈయన చెప్పేలోపు ఇంకో జోకు దాటిపోవడం. ఇంటర్వెల్ తర్వాత ఆవిడ అడగడం మానేశారట. ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు గానీ, నాకైతే నవ్వు రాలేదు.

తెలుగులో గొంతులు లేవని మాత్రం అనొద్దు. కోదాడనే తీసుకోండి. వేణుమాధవ్‌ది కోదాడ. మిమిక్రీ, మాట్లాడే బొమ్మ ఆటలతో మొదలై 1996లో 'సంప్రదాయం'తో సినిమాల్లోకొచ్చాడు. 2006 'లక్ష్మి'కి నంది అవార్డు తీసుకున్నాడు. (వరంగల్‌లో ఇంకో వేణుమాధవ్, నేరెళ్ళ వారు, మిమిక్రీకే పద్మశ్రీ అందుకున్నారు. ఆ పేరులోనే ఏదో ఉంది!) చేతిలో బొమ్మ పట్టుకుని దానికో గొంతు, తనకో గొంతు పెట్టి జనాన్ని నవ్వించినవాడికి యానిమేషన్ పాత్ర ఎంతసేపు? ఆయన్ని మనం ఎక్కువగా హీరో చేత దెబ్బలు తినడానికి వాడుకున్నాం. 2019 సెప్టెంబరులో పోయాడు. 

యాస సంగతీ అంతే. సూర్యాపేటలో మాట ఒక తీరు, మిర్యాలగూడలో ఇంకో తీరు, కోదాడ దాటి జగ్గయ్యపేట చేరేలోపు 'ఏంది' కాస్తా 'ఏంటండీ' అయిపోతుంది. ఒకే రోడ్డు మీద ఇన్ని గొంతులు! మామూలు సినిమా ఈ సంగతి కనిపెట్టింది. 'పెళ్ళిచూపులు' (2016), 'జాతిరత్నాలు' (2021), 'బలగం' (2023) వచ్చాక తెలంగాణ మాట విలన్‌కో జోకర్‌కో అన్న పాత లెక్క పోయింది. బొమ్మల సినిమాలో జోకర్‌కి కూడా దిక్కులేదు.

పోనీ మనమే తీసుకున్నామా? 'కిట్టు' అని తెలుగు యానిమేషన్ సినిమా, కోతిపిల్ల కథ, 2006కి జాతీయ అవార్డు కొట్టింది. మీలో ఎంతమంది చూశారు? సింగీతం గారంతటివారు 2008లో ఘటోత్కచుడి మీద బొమ్మల సినిమా తీశారు. అదే ఏడు పోగోలో మొదలైన 'ఛోటా భీమ్' అచ్చంగా హైదరాబాద్ కంపెనీ సరుకు. లడ్డూలు తినే ఆ పిల్లాడు దేశమంతా హిందీలో పేరు తెచ్చుకున్నాడు. మన ఊళ్ళో పుట్టినోడి చేత సకినాలు తినిపించడం మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఇహ ఆఖరి అస్త్రం. "పిల్లలకి ఇంగ్లీషు ఇంప్రూవ్ అవుతుందండీ." స్కూల్లో ఇంగ్లీషు, ట్యూషన్‌లో ఇంగ్లీషు, లిఫ్టులో పక్క ఫ్లాట్ వాళ్ళతో ఇంగ్లీషు, ఇంకెంత ఇంప్రూవ్ చేస్తారు? రెండు గంటల పాండా సినిమాతో రాని తెలుగూ రాదు, పోయే ఇంగ్లీషూ పోదు. తేడా పడేది ఒక్కచోటే. దసరాకి ఊరికి తీసుకుపోయినప్పుడు తాత ఒక మాట విసిరితే మేనత్తలు, బాబాయిలు పడీ పడీ నవ్వుతుంటారు. మన పిల్లలు మాత్రం మన మొహం చూస్తారు, "వాట్ డిడ్ హీ సే?" అని. అప్పుడు మనం జోకుని వివరిస్తాం. వివరించిన జోకు ఎలా ఉంటుందో మీకు తెలుసు.

డబ్బింగ్ చేయించే కంపెనీల్లో తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే ఒక చిన్న విన్నపం. హీరో సింహానికి స్టార్‌నే పెట్టుకోండి. మహేష్‌బాబు 2024లో ముఫాసాకి చెప్పాడు, బాగానే ఉంది, జనం వచ్చారు. పక్కనుండే ఏ అడవిపందికో గాడిదకో మాత్రం మిర్యాలగూడ రైసుమిల్లు దగ్గర లారీల మీద కూర్చుని కబుర్లు చెప్పే ఒకణ్ణి పట్టుకొచ్చి, కాగితం చేతికివ్వకుండా మైకు ముందు నిలబెట్టండి. టికెట్లు నేను కొంటా, ఆరు. సాయంత్రం షో ఇస్తే ఎనిమిది.