కొడుక్కి పదివేలు, సర్కారుకు రెండువందలు

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని మన పార్లమెంటు 2007లో ఆమోదించింది. కన్నవారిని పట్టించుకోని సంతానం నెలనెలా భరణం చెల్లించాలనీ, ఆ మొత్తం 10,000 రూపాయల దాకా ఉండవచ్చుననీ అది నిర్దేశించింది. సంరక్షించవలసినవారే వృద్ధులను ఎక్కడో విడిచిపెట్టి పోతే మూడు నెలల జైలు లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. చూసుకుంటామనే షరతుపై ఆస్తి రాయించుకుని మాట తప్పితే ఆ దస్తావేజును రద్దు చేయించే వీలూ కల్పించింది. అవసరమైన చట్టమే. ఆర్డీవో కార్యాలయం వరండాలో కాగితం పట్టుకుని నిలబడిన ముసలి తల్లిని చూసినవారెవరూ దాన్ని తప్పుపట్టరు.

అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం జాతీయ వృద్ధాప్య పింఛనుకు ఇందిరా గాంధీ పేరు పెట్టి, దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధులకు విస్తరించింది. అందులో కేంద్రం వాటా నెలకు 200 రూపాయలు. కొడుకు బాధ్యతకు పదివేలు గరిష్ఠ పరిమితి. తన బాధ్యతకు రెండువందలు! అప్పటినుంచి రెండు కూటములు దేశాన్నేలాయి. పథకాన్ని సమీక్షించిన పార్లమెంటరీ సంఘాలు ఈ మొత్తం చాలదని పదేపదే చెప్పాయి. అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల వారికి కేంద్రం ఇచ్చేది నేటికీ ఆ రెండువందలే. సుమారు 2 కోట్ల 20 లక్షల మంది ఈ పథకం కిందికి వస్తారు.

ఎనభై నిండితే 500 ఇస్తారు. ఇది 2011 నాటి నిర్ణయం. మన దేశంలో అరవయ్యో ఏట అడుగుపెట్టిన మనిషి సగటున మరో 18 ఏళ్లు బతుకుతాడని అంచనా. అంటే పెరిగిన పింఛను చేతికి అందకముందే సగటు మనిషికి ఆయువు తీరుతుంది. కూలిపనితో ఒళ్లు అరిగిపోయిన పేదలు సగటు దాకానైనా రాగలరా అన్నది వేరే ప్రశ్న. మృత్యువుతో ఇంత నిక్కచ్చిగా లెక్క చూసుకున్న పథకం మరొకటి ఉందో లేదో! కావాలనే అలా చేశారని నేననను. పట్టించుకోకపోవడమే అందుకు సరిపోయింది.

సామాజిక భద్రత రాష్ట్రాలు చూసుకోవలసిన పని కదా అనేవారున్నారు. కొన్ని చూసుకుంటున్నాయి కూడా. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు, అదీ ఇంటి గడప దగ్గరే ఇస్తున్నారు. తెలంగాణలో 2019 నుంచి 2,016. బీహారులో 2025 దాకా 400 మాత్రమే. ఆ ఏడాది శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు అది 1,100 అయింది. ఒకే దేశంలో, ఒకే వయసులో, ఒకే రకం పేదరికంలో ఉన్న ఇద్దరు వృద్ధురాళ్ల మధ్య ఇంత తేడాకు కారణం వాళ్లు పుట్టిన చోటు, ఎన్నికల తేదీ. వార్ధక్యంలో ప్రభుత్వ సహాయం పొందే హక్కు గురించి రాజ్యాంగం 41వ అధికరణం మాట్లాడుతున్నప్పుడు అందులో సరిహద్దు రాళ్ల ప్రసక్తి లేదు.

డబ్బు లేదనే వాదన నమ్మదగినదే అయితే అది అందరికీ వర్తించాలి. ధరల సూచీని బట్టి ఎంపీల జీతాలు, మాజీ ఎంపీల పింఛన్లు ఐదేళ్లకోసారి వాటంతటవే పెరిగే ఏర్పాటు 2018లో చేసుకున్నారు. ఆ ప్రకారమే మాజీ ఎంపీ కనీస పింఛను 25,000 నుంచి 31,000 రూపాయలకు చేరింది. మాజీ ఎంపీలకూ వయసు మీద పడుతుంది, వారికీ మందులు కావాలి. నాకు అభ్యంతరం లేదు. ఆ సూత్రాన్నే 200 రూపాయలకు ఎందుకు వర్తింపజేయరన్నదే నా ప్రశ్న.

మళ్లీ ఆ 2007 చట్టం దగ్గరికే వస్తాను. భరణం విషయంలో సంతానానికి అది విధించినది బాధ్యత, తప్పించుకునే దారి లేదు. జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేదలకు సరిపడే వృద్ధాశ్రమాలు కట్టే విషయంలో మాత్రం రాష్ట్ర ప్రభుత్వాలు ‘నెలకొల్పవచ్చు’ అంటుంది. కొడుకును శాసించిన కలమే సర్కారు దగ్గరికి వచ్చేసరికి మర్యాదగా తప్పుకుంది. సవరణ పేరిట 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లు ఆ సభతోపాటే మురిగిపోయింది. మరో బిల్లు ఎప్పుడు వచ్చినా మొదట చూడవలసింది ఆ ఒక్క క్రియాపదం మారిందా లేదా అని.