సౌదీ టూరిజం బాట పట్టింది.. మరి మన ఊర్ల సంగతేంది?

"సౌదీల హోటల్ వీసాలు పడ్డయి, పైసలు తయారు పెట్టుకోర్రి" అని చెప్పే ఏజెంట్లు మళ్ల ఊర్లల్ల తిరుగుతున్నరు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు గల్ఫ్ ముచ్చట లేని వాడ ఉండదు. అందుకే ఈ హోటళ్ల కథ జర నిమ్మళంగ చూద్దామంటున్న.

సౌదీకి టూరిజం మీద ఇంత ప్రేమ ఎందుకొచ్చింది? 2014ల పీపా చమురు ధర 100 డాలర్లు దాటి ఉండె. 2016 జనవరి వరకు 30 డాలర్ల కిందికి పడ్డది. సర్కారు బిల్లులు ఆపింది, కంపెనీలు జీతాలు ఆపినయి. వేల మంది ఇండియా కూలీలు క్యాంపులల్ల తిండికి గోస పడ్డరు. ధర పడ్డది చమురుకు, కడుపు కాలింది మనోళ్లకు.

అదే ఏడు ఏప్రిల్‌ల మహమ్మద్ బిన్ సల్మాన్ 'విజన్ 2030' ముందట పెట్టిండు. 2019ల టూరిస్టు వీసాలు మొదలైనయి. 2030 నాటికి ఏడాదికి 10 కోట్ల మంది పర్యాటకులు అనుకుంటే, 2023లనే అది దాటింది.

లెక్క మంచిగనే ఉన్నది. గని అండ్ల నలుగురిల ముగ్గురు సౌదీల ఉండేటోళ్లే. బయటి దేశాలకెళ్లి వచ్చినోళ్లల్ల సుత ఉమ్రాకు వచ్చినోళ్లు మస్తు మంది. ఇగ ఎర్ర సముద్రం ఒడ్డున రిసార్టులు కట్టే పైసలు ఏడియి? సర్కారు ఫండువి. ఆ ఫండుకు అరాంకో చమురు కంపెనీల వాటా ఉన్నది. అంటే చమురును ఇడిసిపెట్టే బాటకు సుత చమురే ఖర్చు పెడుతున్నది. ధర పడితే పనులు మళ్ల ఆగుతయి.

ఇంకో సంగతి. ఈ విజన్‌ల పెద్ద మతలబు సౌదీ పోరగాండ్లకు కొలువులు ఇచ్చుడు. హోటల్ రిసెప్షన్ అసొంటి కొలువులు వాళ్లకే అని రూల్ పెట్టిండ్రు. మనకు మిగిలేది వంట, క్లీనింగ్, కట్టుబడి పని. అవి తక్కువ పనులని అంటలేను. ఏజెంటు నోటి మాట కాదు, అగ్రిమెంట్ల ఏ పని, ఎంత జీతం రాసున్నదో అదే నిజం అంటున్న.

తమ్మీ, పోవద్దని చెప్తలేను. పోయేముందు ఈ-మైగ్రేట్ సైట్ల ఏజెంటుకు లైసెన్స్ ఉన్నదా చూడు. రూల్ ప్రకారం వాళ్ల ఫీజు 30 వేలు, మీదికెళ్లి జీఎస్టీ. లక్షలు అడిగితే ఆడనే ఆగు. విజిట్ వీసా మీద పనికి పోతే ఖల్లివెల్లి అయినట్టే. వంటనో, ఏసీ రిపేరో చేతిల ఉండి, నాలుగు ఇంగ్లీషు, అరబ్బీ మాటలు వస్తె బేరం నీ దిక్కు ఉంటది.

సౌదీకి చమురెట్లనో మన ఊర్లకు గల్ఫ్ పైసలు గట్లనే. ఒక్క ఆదెరువు మీద బతికితే ఏమైతదో అంత ఉన్నోళ్లకే సమజై ఇంకో బాట ఎతుక్కుంటున్నరు. మన ఊర్లకు రెండో బాట ఏదని మన సర్కార్లను అడగాల్సింది మనమే.