ఊరు నచ్చిందా?

స్వదేశం నుంచి వచ్చిన బంధువులు తప్పక అడిగేది ఒకటే: "ఇక్కడ మీకు బాగుందా?" జవాబుకు మేము కాస్త తడుముకుంటాం. మన పెద్దలు కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి రంగం చేరారు. కోరంగీలన్న పేరు అలా వచ్చిందే. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె ముగియగానే రేగిన అల్లర్లలో మనవారెందరో చనిపోయారు. 1942లో కాలినడకన వెళ్ళిపోయినవారున్నారు. 1964లో దుకాణాలు జాతీయం చేశాక ఓడెక్కినవారున్నారు. విశాఖలోని బర్మా క్యాంపు అలాంటివారిదే. మరి ఉండిపోయినవారందరికీ ఊరు నచ్చినట్టేనా? ఓడ చార్జీకి డబ్బు లేక ఆగినవారి సంగతి చదువరులకు తెలియనిది కాదు.

1982 పౌరసత్వ చట్టం వచ్చాక తృప్తికీ రంగులొచ్చాయి. గులాబీ కార్డున్నవారు పూర్తి పౌరులు. నీలం, ఆకుపచ్చ కార్డులవారు ఆ తరువాతే. ఏ కార్డూ చేతికందనివారిని "ఊరెలా ఉంది?" అని అడగడం మాకు సబబనిపించదు. 2021 తరువాత పెరిగిన కరెంటు కోతలు మాత్రం రంగు చూడలేదు లెండి!

అయినా పొద్దున్నే మొహింగా పడందే మన పిల్లలకు తెల్లవారదు. సింహాచలం మొక్కుకు బయలుదేరేవారు తిరుగు టికెట్టు ముందే కొనుక్కుంటున్నారు.