పెరటి తోట: కార్తికమున విత్తదగినవి



వానకాలపు పాదులు ముదిరి, చలికాలపు కాయగూరలు ఇంకను చేతికి రాని యీ దినములలో పెరడు బోసిపోవుట సహజము. “ఇక సంక్రాంతి వెళ్ళిన పిమ్మట చూచుకొందము” అని యూరకుండువారు పెక్కురు. చలి ముదురుటకు ఇంకెన్ని దినములున్నవో లెక్కించి, ఆ గడువులో ఎదుగువానిని మాత్రము విత్తినచో ఇంటికి కూర కొరత యుండదు.

2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుపాను మన తీరమును దాటినప్పుడు మా బీరపాదులును, ఆనపపాదులును పందిరితో కూడ నేలగూలినవి. అంగడిలో కూరల వెల పెరిగినది; మాది బడిపంతులుగారి జీతముపై నడచు సంసారము. నేను తొందరపడి మూడవనాడే ఆ బురదలో మెంతులు, ధనియాలు చల్లితిని. వారము గడచినను మొలక కానరాలేదు. త్రవ్వి చూడగా గింజలన్నియు కుళ్ళియున్నవి. “మన్ను పిడికిట పట్టి విడిచిన పొడిపొడిగా రాలవలెనమ్మాయీ, అప్పుడు గదా విత్తుట!” అని మా అత్తగారు మందలించిరి.

పౌర్ణమి దాటిన నాలుగవనాడు మరల విత్తితిమి. నీరు నిలువకుండ జానెడెత్తున మడులు కట్టి, బాగుగ చివికిన పశువుల యెరువు కలిపితిమి. మెంతులను రాత్రి నానవేయవలెను. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి విత్తవలెను. మెంతికూర 25, 30 దినములలోను, పాలకూర తొలికోత ఇంచుమించు నెలకును, కొత్తిమీర 40 దినములకును, ముల్లంగి 45 దినములకును చేతికి వచ్చును. ముల్లంగిని నారుపోసి నాటరాదు. వేరు చెదరిన దుంప వంకరపోవును. మడినంతయు ఒకేసారి విత్తక, సగము పది దినములు ఆగి విత్తినచో కూర వరుసగా అందును. బెండ, గోరుచిక్కుడు ఇప్పుడు వలదు. చలికి వాని మొలకయు, ఎదుగుదలయు మందగించును.

మన్యమున లంబసింగి వంటి చోట్ల ఒక్కొక్కప్పుడు మంచు గడ్డకట్టుటయు గలదు. అచటివారు రాత్రులందు లేతమడులపై వరిగడ్డి పలుచగా కప్పి, ప్రొద్దెక్కిన పిమ్మట తీసివేయుట మేలు. తీరమున మనకంత భయము లేదు గాని, పొగమంచు దినములలో చిక్కుడు పూతకు పేనుబంక పట్టును. వేకువ తడి ఆరకమునుపే జల్లించిన కట్టెల బూడిద చల్లినచో అది కొంత తగ్గును.

ధనుర్మాసము ప్రవేశింపకమునుపే మా మడిలో మెంతికూర కోతకు వచ్చినది. తొలికట్టను మా అత్తగారు, మావలెనే పందిరి కోల్పోయిన ప్రక్కయింటివారికి పంపిరి. ఆ సాయంకాలమే ఆ యిల్లాలు గుప్పెడు మెంతులకై మా గుమ్మమునకు వచ్చినది.

నేల ఆరకమునుపు తొందరపడవలదు. ఆరిన పిమ్మట ఒక్కదినమైనను జాగు చేయవలదు.